అంతర్రాష్ట్ర గుర్రపుడెక్క సంఘం

కరకట్టపాళెం,
12 ఫిబ్రవరి 1961.

ఏటికుప్పం పెదకాపు, నా కన్నతల్లికి ఒక్కగానొక్క తమ్ముడు, హజరత్తయ్య మామ సముఖానికి,

మేనల్లుడు మాల్యాద్రి, బి.ఏ., చేతులు జోడించి విన్నవించుకునేది. ఇక్కడ మనుషులు, గొడ్లు క్షేమం. క్షేమంగా లేనిది పాయ ఒక్కటే.

మన రెండూళ్ళ మధ్య పాయలో గుర్రపుడెక్క ఎంత దట్టంగా అల్లుకుందో తమరు మీ గట్టు మీద నుంచి చూస్తూనే ఉంటారు. నేను మా గట్టు మీద నుంచి చూస్తున్నాను. ఇద్దరికీ కనబడనిది నీళ్ళు మాత్రమే. మొన్న మా దూడ ఒకటి అది పచ్చికబయలనుకుని అడుగు వేసి మునిగింది. తోక పట్టి లాగాం. అప్పటి నుంచి అది కూడా పాయ వైపు చూడటం మానేసింది.

దీపావళి వానల తర్వాత చిన్నపోలయ్య పడవ ఆగిపోయింది. గెడ వేస్తే దిగదు, దిగితే పైకి రాదు. ఏటా మామిడికాయల కాలానికి అమ్మమ్మ ఆ పడవెక్కి వచ్చి, మా ఇంట్లో ఊరగాయ పెట్టి, వానలదాకా ఉండి వెళ్ళేది. తడ మీదుగా బండి దారి ఉంది గదా అని తమరనవచ్చు. 'బండెక్కితే నేను ఒకనాడు దిగతా, నా నడుము ఇంకోనాడు దిగతాది' అని అమ్మమ్మ ఎప్పుడో తేల్చేసింది. అమ్మను పంపుదామంటే, మా నాయననూ గేదెలనూ వదిలి ఆమె కదలదు. నాయన ఎలాగో సర్దుకుంటాడు; గేదెలు ఆమె చెయ్యి తప్ప ఒప్పుకోవు.

అందువల్ల అమ్మ రోజూ సాయంత్రం గట్టు మీద నిలబడి మీ ఇంటి పొగ చూస్తుంది. పొగ లేస్తే, 'మీ అమ్మమ్మకు వేణ్ణీళ్ళు పెడతా ఉండారు' అంటుంది. ఆలస్యమైతే, 'మీ అత్త ఇంకా పొయ్యి రాజెయ్యలా' అంటుంది. అమ్మమ్మ వయసు సంగతి మాత్రం ఎత్తదు.

ఈ పరిస్థితిలో నేను 'అంతర్రాష్ట్ర గుర్రపుడెక్క నిర్మూలన సహకార సంఘం' స్థాపించాను. మీ గట్టు మద్రాసు రాష్ట్రం, మా గట్టు ఆంధ్ర గనక ఆ పేరు తప్పలేదు. అధ్యక్షులు తమరు. కార్యదర్శిని నేను, కావలిలో బి.ఏ. చదివి ఖాళీగా ఉన్నవాణ్ణి మా ఊళ్ళో నేనొక్కణ్ణే. సభ్యులు ఇంకా లేరు. రెండూళ్ళవాళ్ళూ ఒకేనాడు దిగి, పీకినది ఎవరి గట్టు మీద వాళ్ళు కుప్ప వేసుకుంటూ వచ్చి, నడిపాయలో కలుసుకోవాలని నా ప్రతిపాదన.

చిత్తగించవలెను.
మాల్యాద్రి.

తా.క. డెక్క మీ ఊరి నుంచే వచ్చిందని మా ఊళ్ళో ఏకగ్రీవంగా తీర్మానించారు. తమరు మనసులో పెట్టుకోవద్దు. ప్రతిపాదించింది మా నాయన.


ఏటికుప్పం,
20 ఫిబ్రవరి.

అబ్బోడు మాల్యాద్రికి మామ దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. మీ ఊరు మా గట్టుకు కనపడతానే ఉండాది, ఉత్తరం మాత్రం తడలో రైలెక్కి, మద్రాసు చూసుకుని, తీరిగ్గా తిరిగొచ్చింది. రాష్ట్రాలు వేరైనాక మనకంటే మన ఉత్తరాలే ఎక్కువ దేశం చూస్తా ఉండాయి.

నీ ఉత్తరం రాకముందే మేం పని చేసి కూచున్నాం. పోయిన సోమవారం ఊరంతా దిగి మా రేవు ముందర అద్దం మాదిరి చేసినాం. ఎట్టా చేసినారంటావా, తాతల నాటి నుంచి పాయలో నాచు తీసే పద్ధతే. దక్షిణపు గాలి పడిన పొద్దు చూసుకుని, గెడలతో కదిలించి వదిలిపెట్టినాం. అది యాడికి బొయ్యిందో మాకు తెలవదు. మా రేవులో లేదు, అంతే.

అమ్మ పొద్దున కళ్ళు తెరవంగానే 'పడవొచ్చిందా' అంటాది. కోకలన్నీ పెట్టెలో సర్దిపెట్టుకుని, కట్టుకునేదానికి దినామూ అందులోంచి తీసి, మళ్ళా ఉతికి అందులోనే పెడతా ఉంది. ఆమె కోసం నీ సంఘానికి సరేనంటా ఉండా.

మీ అత్త అడిగినానని రాయమంది.
హజరత్తయ్య.

తా.క. డెక్క వచ్చింది మీ ఊరి నుంచే. మా బావ తీర్మానాలు నాకు తెలవనివి కాదు. నా పెండ్లిలో పాయసం చాల్లేదని కూడా ఏకగ్రీవంగా తీర్మానించినాడు. అప్పుడు కూడా ఆ మాటన్నది ఆయనొక్కడే.


కరకట్టపాళెం,
1 మార్చి.

సంఘాధ్యక్షులు మామగారికి కార్యదర్శి వినయపూర్వకంగా,

డెక్క ఎక్కడికి పోయిందో తెలియదని రాశారు. తెలియజేస్తున్నాను. అది ఆ మంగళవారం పొద్దున మా రేవుకు క్షేమంగా చేరింది. దాని మీద ఒక నాటుకోడి కూచుని ఉంది. దిగమంటే దిగలేదు, మనుషులం వెళ్ళి ఎత్తుకుని తెచ్చాం.

ఊరు ఊరంతా గట్టెక్కి చూసింది. పీకి ఒడ్డున వేద్దామని నేను ప్రార్థించాను. 'వాళ్ళు ఉత్తరం రాసినారు, మనం జవాబు రాయొద్దా' అన్నాడు నాయన. శుక్రవారం ఉత్తరపు గాలి పడింది. అందరూ గెడలు పట్టుకుని దిగారు. నేను గట్టు మీద నిలబడి ప్రాంతీయ సహకారం గురించి ఉపన్యసించాను. 'ఆ ఉపన్యాసం ఆపి ఈ గెడ పట్టుకో' అన్నాడు నాయన. పట్టుకున్నాను. కార్యదర్శిగా కాదు, కొడుకుగా.

గెడ పట్టుకుని నీళ్ళలో నిలబడితే పాత రోజులు గుర్తొచ్చాయి మామా. అమ్మమ్మ పడవ అల్లంత దూరాన ఉండగానే నేను ఈ రేవులో మోకాటి లోతుకు దిగి నిలబడేవాణ్ణి. ఆమె పడవ మధ్యలో గొడుగు వేసుకుని, కలెక్టరు తనిఖీకి వచ్చినట్టు కూచునేది. చిన్నపోలయ్య నీళ్ళు చిమ్మకుండా గెడ వెయ్యడం నేర్చుకున్నది ఆమె తిట్లకే. ఒడ్డుకు తగలకముందే తాటిబెల్లం ముక్క నా మీదికి విసిరేది. పట్టుకుంటే నాది, నీళ్ళలో పడితే చేపలది. బెల్లానికి పడవ తారు వాసన ఉండేది. ఇప్పటికీ తాటిబెల్లంలో ఆ వాసన లేకపోతే అది కల్తీదని నాకు అనుమానం.

తమ ఆజ్ఞాబద్ధుడు,
మాల్యాద్రి.

తా.క. కోడి ప్రయాణంలో గుడ్డు పెట్టింది. నడిపాయ దాటకముందు పెట్టిందా, దాటాక పెట్టిందా అన్నది తేలితే గాని అది ఏ రాష్ట్రానిదో నిర్ణయించలేం. అంతవరకు గుడ్డు సంఘం అధీనంలో ఉంటుంది.


ఏటికుప్పం,
9 మార్చి.

మాల్యాద్రికి,

దీవెనలు ఈసారికి తగ్గించి రాస్తా ఉండా.

మేం పంపినది ఒకటైతే మీరు పంపినది రెండింతలుంది. రేవు పూడింది, నారుమడికి నీళ్ళు రావడం నిలిచింది. డెక్కతో పాటు మా బావ తలగుడ్డ కూడా వచ్చింది. ఉతికి ఆరేసి పెట్టినాం. కావాలంటే ఆయన్నే వచ్చి అడగమను. ఆయన గెడ పట్టుకుని తోస్తా ఉంటే నా కళ్ళతో నేను చూసినా. ఆ తోపులో పదో వంతు పొలం పనిలో చూపించి ఉంటే మా అక్క సుఖపడేది.

అధ్యక్ష పదవికి రాజీనామా ఇస్తా ఉండా. ఆ పదవి పుచ్చుకుంటున్నట్టు నువ్వెప్పుడు రాసినావు మామా అంటావు. రాయలేదు. అయినా రాజీనామా.

ఇంకొక మాట. అమ్మ పడవ సంగతి అడగడం మానేసింది. పెట్టెలో కోకలు తీసి మళ్ళా కొయ్యకు వేసుకుంది. గొణిగితే నాకు అలవాటే, తిట్టినా అలవాటే. ఇట్టా ఊరుకోవడం నాకు బాగలేదు.

హజరత్తయ్య.

తా.క. గుడ్డు మాది. యాడ పెట్టినా పెట్టిన తల్లి మాది గదా.


కరకట్టపాళెం,
18 మార్చి.

రాజీనామా ఆమోదం పొందని అధ్యక్షులకు,

తమ ఉత్తరంలో చివరి పేరా అమ్మకు చదవకుండా దాటెయ్యాలనుకున్నాను. నా గొంతులో తేడా పసిగట్టి, ఆమె కాగితం లాక్కుని తనే చదువుకుంది. ఆ పూట మజ్జిగ చిలకడం మరిచిపోయింది. నేను పుట్టాక మా ఇంట్లో మజ్జిగ లేని భోజనం అదే మొదటిసారి. నాయన కూడా మజ్జిగ అడగకుండానే విస్తరి ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు ఇంటింటికీ తిరిగి బతిమాలాను. తోస్తే పోదు, పీకాలి, పీకి ఎండబెట్టాలి, రెండు గట్లవాళ్ళూ కలిసి చెయ్యాలి అని చెప్పాను. 'మేం పీకితే వాళ్ళు తోస్తారు' అన్నారు అందరూ. మీ గట్టు మీద కూడా ఇదే మాట అంటూ ఉంటారని నా నమ్మకం. ఈ ఒక్క విషయంలో మన రెండు రాష్ట్రాలకూ భేదం లేదు.

ఏం చెయ్యాలో తోచక,
మాల్యాద్రి.

తా.క. ఎక్కువ డెక్క కుప్ప వేసిన ఊరికి సర్కారు ఒక రేడియో ఇస్తుందంటే చాలు, మావాళ్ళు ఈదుకుంటూ వచ్చి మీ గట్టుది కూడా పీకుతారు. సర్కారుకు అంత బుద్ధి ఎక్కడ పుడుతుంది.


ఏటికుప్పం,
27 మార్చి.

నా బంగారు అల్లుడు మాల్యాద్రికి మామ మనసారా దీవించి రాసేది.

కళ్ళజోడు కనపడక నీ ఉత్తరం పోస్టు తెచ్చే యెహోషువ చేత టీ బంకు దగ్గర చదివించినా. రేడియో మాట రాంగానే జనం లేచి నిలబడినారు. యెహోషువ 'ఇంకా ఉండాది, వినండి' అంటానే ఉండాడు, వినేదానికి ఎవరూ మిగల్లేదు.

మీ అత్త మాత్రం, 'వాడు నవ్వులాటకు రాసినాడేమో' అన్నది. నాకు తెలవదా నీ సంగతి. చిన్నప్పటి నుంచి అసలు మాట చివర్న గదా చెప్తావు. పరీక్ష తప్పినప్పుడు కూడా రెండు పేజీలు ఊరి వానల గురించి రాసి, తాజా కలంలో తప్పినానని రాసినావు. కాబట్టి నీ ఉత్తరాల్లో నేను నమ్మేది తాజా కలమే.

పొద్దుటి నుంచి మావాళ్ళు పాయలోనే ఉండారు. ఒక్క ఆకు కూడా తొయ్యడం లేదు. పీకినది పీకినట్టు గట్టు మీద కుప్ప. ఒకమాట చెప్తా ఉండా, నడిపాయకు ఇవతల ఉన్న డెక్క మాది. అందులో మీవాళ్ళు చెయ్యి పెడితే బాగుండదు.

మీ నాయన తలగుడ్డ భద్రంగా ఉండాదని చెప్పు.
హజరత్తయ్య.

తా.క. రేడియోలో మద్రాసు పెట్టాలా, విజయవాడ పెట్టాలా అని ఊళ్ళో ఇప్పుడే రెండు పార్టీలైనాయి.


కరకట్టపాళెం,
8 ఏప్రిల్.

మామగారికి, కార్యదర్శి తల బాదుకుంటూ,

రేడియో లేదు. ఈ మాట తాజా కలంలో కాక మొదటి వాక్యంలోనే రాస్తున్నాను. అందువల్ల తమరు నమ్మరని తెలుసు.

ఇక్కడ కూడా ఎవరూ నమ్మడం లేదు. మీ గట్టు మీది కేకలు విని మావాళ్ళకు సంగతి తెలిసింది. నాయన నన్ను పదిమందిలో నిలబెట్టి, 'రేడియో సంగతి సొంతూరికి దాచి మామకు చెప్తావా' అన్నాడు. 'అది నేను నవ్వులాటకు రాసినాను నాయనా' అన్నాను. 'చూడండి, ఇంకా దాస్తానే ఉండాడు' అన్నాడు పక్కవాళ్ళతో. నేను లేదన్నకొద్దీ రేడియో పెద్దదవుతోంది. నిన్నటికి దానికి చెట్టు మీద కట్టే మైకు కూడా వచ్చింది.

చివరికి నాకే అనుమానం పుట్టి పంచాయతీ సమితి ఆఫీసుకు వెళ్ళాను. నా వెనకాల సగం ఊరు వచ్చింది. 'గుర్రపుడెక్క రేడియో అని ఏమైనా ఉందా అండీ' అని అడిగాను. గుమాస్తా తల ఎత్తకుండానే, 'ఇంకా రాలేదు, వస్తే చెప్తాం' అన్నాడు. మావాళ్ళు ఆయనకు దండం పెట్టి పరుగున వచ్చి పాయలో దూకారు.

ఇప్పుడు సంఘం ముందు ఒక ఫిర్యాదు ఉంది. మా గట్టు మీది కుప్పలు తరుగుతున్నాయి, మీ గట్టు మీద పెరుగుతున్నాయి. విచారించగా, మావాళ్ళు అంతకుముందే నడిపాయ దాటి మీ సగంలోది పీక్కొచ్చారని తేలింది. నెలన్నర కిందట అవతలి వాళ్ళకు ఉచితంగా పంపిన వస్తువును ఇప్పుడు ఇరుపక్షాలూ దొంగిలించుకుంటున్నాయి. గేదెలను కట్టేసే కొట్టంలో మా నాయన డెక్కకు తాళం వేసి పెట్టాడు.

తమ విధేయుడు,
మాల్యాద్రి.

తా.క. సంఘం కోరిన సహకారం ఇదేనా అంటే చెప్పలేను. అయితే ఈ పొద్దు అమ్మ గట్టు నుంచి దిగి వచ్చి, 'నీళ్ళు కనపడినాయిరా' అన్నది. మీ ఇంటి పొగ గురించి ఏమీ అనలేదు.


ఏటికుప్పం,
17 ఏప్రిల్.

మాల్యాద్రికి దీవెనలు.

ఈ ఉత్తరానికి స్టాంపు లేదు. ఇది మద్రాసు చూడదు. చిన్నపోలయ్య చేతికిస్తా ఉండా, పడవలో వస్తాది.

పాయ తెరిపైంది. చిన్నపోలయ్య పడవకు తారు పూసి, వట్టి పడవ ఒకసారి నడిపాయదాకా తోసుకుని పొయ్యి వచ్చినాడు. అమ్మకు చెప్తే నమ్మలేదు. చెయ్యి పట్టుకుని రేవుకు తీసకపొయినా. వంగి నీళ్ళు తాకి చూసింది. ఆనక, 'పెట్టె సర్దేదానికి ఎంతసేపు' అన్నది. అంత ముసలామె, నాకంటే ముందు ఇంటికి చేరింది.

మా ఊళ్ళో ఇంత కుప్ప పెట్టుకుని రేడియో ఏదని నన్ను పీక్కుతింటా ఉండారు. లేదని నాకు ఇప్పుడు కొంచెం కొంచెం అర్థమైతా ఉంది. ఊరికి ఎట్టా చెప్పాలో తెలవక, రేపు మాపు అంటా ఉండా. నువ్వు చదువుకున్నోడివి, ఏదన్నా దారి చూడు.

అమ్మ జాగ్రత్త. పడవ దిగేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకోండి, పట్టుకున్నట్టు మాత్రం తెలవనీబాకండి.
హజరత్తయ్య.

తా.క. అమ్మ ఒళ్ళో గుడ్డ కప్పిన గిన్నె ఒకటి ఉండాది. మీ అత్తను కూడా ముట్టనీలేదు. అదే రేడియో అనీ, మేం గుట్టుగా మీ ఊరికి దాటిస్తా ఉండామనీ అనుకుని ఊరంతా పడవతో పాటు గట్టెంబడి నడిచేదానికి కాచుకుని ఉంది.


కరకట్టపాళెం,
22 ఏప్రిల్.

మామగారికి, సంఘం తుది నివేదిక.

పడవ వచ్చింది. మీ ఊరు మీ గట్టు మీద, మా ఊరు మా గట్టు మీద. అంత జనాన్ని నేను తిరునాళ్ళలో కూడా చూడలేదు. మధ్యలో నీళ్ళు, నీళ్ళలో పడవ, పడవలో గొడుగు. అమ్మ ఆగలేకపోయింది, కోక తడుస్తుందని కూడా చూడకుండా రేవులో దిగింది.

'చిక్కిపొయినావే ఆదిశేషూ' అన్నది అమ్మమ్మ పడవలో నుంచి.

'నువ్వే చిక్కినావు. నీ కోడలు అన్నం పెట్టడంలా?'

'అది పెడతానే ఉంది, నాకే పోలేదు.'

అని ఇద్దరూ పడవ అంచు పట్టుకుని అలాగే ఉండిపోయారు. చిన్నపోలయ్య గెడ పాతి అటు తిరిగి నిలబడ్డాడు. నేను నా కళ్ళలో పడిన దుమ్ము తుడుచుకున్నాను. ఆ రోజు గాలి లేదు.

జనం మాత్రం గిన్నె వైపే చూస్తున్నారు. 'అవ్వా, గుడ్డ తియ్యి. పాడించు' అన్నారు ఎవరో. 'నా బిడ్డకు నేను తెచ్చుకున్నది మీకెందుకురా' అంటూనే అమ్మమ్మ గుడ్డ తీసింది.

ఇత్తడి గిన్నె, గిన్నె నిండా నీళ్ళు, నీళ్ళలో గుర్రపుడెక్క. ఊదారంగు పువ్వుతో సహా.

జనం మెడలు సాచి చూశారు. 'రేడియో దాని కింద ఉందేమో' అన్నారొకరు, వెనక నుంచి, ఆశగా.

అమ్మమ్మ నాయనతో అన్న మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను. 'రెండేళ్ళ కిందట నీ పెళ్ళాం ఇట్టాంటి గిన్నెలో నాకు చేపల పులుసు పంపింది అబ్బయ్యా. వట్టి గిన్నె తిరిగి ఎట్టా పంపేది? ఆ పొద్దు ఇంట్లో బెల్లం ముక్క కూడా లేదు. పొన్నేరిలో మా చెల్లెలింటి గుంటలోంచి తెచ్చుకున్న పూలమొక్కలుంటే, ఒకటి వేసి పంపినా. మా ఆదిశేషుకు చిన్నప్పటి నుంచి ఈ రంగంటే ఇష్టం. ఇప్పుడు మీ రెండూళ్ళోళ్ళూ పూనకం వచ్చినట్టు అన్నీ పీకేస్తా ఉంటే, నా బిడ్డకు ఒకటన్నా మిగలదే అని, వాళ్ళ కళ్ళుగప్పి దాచినా.'

నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ గిన్నె వైపు చూసింది.

'పెరట్లో నీళ్ళ గాబులో వేసినా,' అన్నది అమ్మ మెల్లగా. 'పిల్లలు పెట్టింది. అమ్మ ఇచ్చింది గదా, పెంటలో వెయ్యబుద్ధి గాలేదు. ఎక్కువైనవి రేవులో వదిలినా.'

డెక్క ఏ ఊరిదని నాయన నెలల తరబడి తీర్మానాలు చేస్తుంటే, అమ్మ పక్కనే కూచుని చింతపండు పిసుకుతూ ఒక్క మాట కూడా అనలేదని నాకప్పుడు గుర్తొచ్చింది. కాబట్టి మామా, మొక్కను ఇచ్చింది మద్రాసు రాష్ట్రం, పెంచింది ఆంధ్ర రాష్ట్రం. మన రెండు రాష్ట్రాలూ కలిసి నడిపిన మొదటి పథకం ఇదే. సంఘం లేకుండానే ఇంత బాగా నడిచింది. రేడియో మాట మా ఊళ్ళో ఇక ఎవరూ ఎత్తరు. ఎత్తితే డెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది కూడా లేస్తుందని నాయన భయం. మీ ఊళ్ళో కూడా తమరు ఇదే పద్ధతి పాటించవచ్చు.

ఇక అమ్మమ్మ తెచ్చాక అమ్మ గాబులో వేసిన ఆ కొత్త మొక్క. దాన్ని పీకమని నోటీసు ఇవ్వవలసినది కార్యదర్శి. ఇవ్వవలసినది తల్లికి, ఆమె తల్లి ఎదురుగా. నేను పెరట్లో గాబు చుట్టూ తిరుగుతూ ఉండిపోయాను.

ఆ మధ్యాహ్నం అమ్మమ్మ అన్నం తిని అరుగు మీద పడుకుంది. అమ్మ గాబు దగ్గరికి వచ్చింది. పువ్వు తుంచి తల్లో పెట్టుకుంది. మొక్కను వేళ్ళతో సహా తీసి, నీళ్ళు పిండి, ఎండలో బండ మీద వేసింది.

'అమ్మ అడిగితే బతికే ఉండాదని చెప్పు,' అన్నది. 'మళ్ళా పాయ మూసుకుంటే ఆమె నా దగ్గరికి ఎట్టా వచ్చేది?'

ఇప్పుడు ఇద్దరూ మామిడికాయలు ముందర వేసుకుని, ఉప్పు ఎక్కువని ఒకరు, తక్కువని ఒకరు పోట్లాడుకుంటున్నారు. గిన్నె చిన్నపోలయ్య చేతికిచ్చి పంపుతున్నాం. వట్టిది పంపకూడదు గనక ఊరగాయ పెట్టాం. సంఘం స్వయంగా తనిఖీ చేసింది; అందులో మొలిచేది ఏదీ లేదు.

నాయన తలగుడ్డ ఇక పంపించెయ్యమంటున్నాడు. మీ పెండ్లిలో పాయసం సరిపోయిందని కూడా ఒప్పుకుంటున్నాడు.

మాల్యాద్రి.

తా.క. ఇప్పుడే తెలిసింది. అమ్మమ్మ తెచ్చినవి రెండు మొక్కలట. రెండోది పక్కింటి మస్తానమ్మకు ఇచ్చింది. అడిగితే, 'పెద్దామె చేత్తో ఇచ్చింది, నేనియ్యను' అంటూ గాబు ముందు పీట వేసుకుని కూచుంది. అధ్యక్షులు వెంటనే బయలుదేరి రావాలి. పడవ ఉంది.